పాతిక రూపాయల పెద్దమనిషి

నిబారణ్ ఘోషాల్‌కి మూడేళ్లకోసారి వెన్నెముక మొలిచేది. మొలిచి, పది పదిహేను రోజులుండి, మునిసిపల్ ఎన్నికలు అయిపోగానే వచ్చిన దారినే పోయేది. మిగిలిన రోజులన్నీ అతను కలకత్తాలో ఒక దొరల కంపెనీలో చిత్తు కాగితాలకు సాపు ప్రతులు రాసే గుమాస్తా. మేడమెట్ల మీద దొర బూట్ల చప్పుడు వినబడితే చాలు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే సగం వంగిపోయేవాడు. పెద్ద గుమాస్తా తుమ్మితే "చిరంజీవ" అనేవాళ్లలో అందరికంటే ముందు ఇతని గొంతే వినబడేది. పద్దెనిమిదేళ్ల నౌకరీలో అతను నోరు తెరిచి అడిగింది ఏమైనా ఉందంటే, ఒకసారి కొత్త కలం.

అతనికి ఇల్లొకటి ఉంది. సంపాదించుకున్నది కాదు, పిల్లల్లేని మేనమామ పోతూ పోతూ వదిలిపోయినది. ఛిదాం కలు సందులో రెండు గదుల పక్కా ఇల్లు, ముందు అరుగు, వెనక ఉప్పునీళ్ల బావి. సందులో మిగతావన్నీ పెంకుటిళ్లూ పూరిళ్లూ. ఇటుక గోడల పుణ్యమా అని మునిసిపాలిటీవాళ్లు ఆ ఇంటికి ఏడాదికి ఇరవై ఆరు రూపాయల పన్ను వేశారు. పాతిక రూపాయలు దాటి పన్ను కట్టేవాడికి ఓటుంటుంది, అంతకు తక్కువైతే ఉండదు. అలా సందు మొత్తానికి ఉన్నది ఒకే ఒక్క ఓటు, అది నిబారణ్ ఘోషాల్‌ది. పాతిక మీద ఒక్క రూపాయి. అతని పెద్దమనిషితనమంతా ఆ రూపాయి మీద నిలబడి ఉండేది.

ఓటర్ల జాబితా ఠాణా గోడకి అంటించిన రోజున చలువ ధోవతి కట్టుకుని చూడబోయేవాడు. పక్కన ఎవరైనా ఉంటే తన పేరు మీద వేలు పెట్టి చూపించేవాడు. ఎవరూ లేకపోతే ఎవరో ఒకరు వచ్చేదాకా అక్కడే నిలబడేవాడు. "పాతిక దాటితేగానీ ఇందులో పేరెక్కదు, తెలుసా?" అని చెప్పేవాడు. ఇంట్లో భార్యకీ అదే చెప్పేవాడు. అన్నం తింటూ చెప్పేవాడు, చుట్టాలొస్తే చెప్పేవాడు, పాలు పోయడానికొచ్చిన పక్కింటి నఫర్‌ని గుమ్మంలో నిలబెట్టి మరీ చెప్పేవాడు. భార్య ఖీరోదా ఆ మాట ఎన్నిసార్లు విన్నదో లెక్కపెట్టడం ఎప్పుడో మానేసింది.

ఇక బండి సంగతి. ఓటు వేసే చోటు ధర్మబడి. ఛిదాం కలు సందు మొదట్లో నిలబడితే బడి గేటు కనిపిస్తుంది, రెండొందల అడుగులుండదు. కాని ఓటరనేవాడు నడవకూడదు. అదీ ఆ నగరపు బాబుల ఆచారం. పోటీ చేసేవాడు బండి పంపాలి, ఓటరు ఎక్కాలి. నడిచొచ్చి వేసినా ఓటు ఓటే, కాని వేసినవాణ్ణి ఎవడూ బాబు అనడు. సందులోకి బండి పట్టదు కాబట్టి నిబారణ్ సందు మొదటిదాకా నడిచి వెళ్లి బండెక్కేవాడు. ఎక్కితే గుర్రం అడుగు తీసి అడుగు వేసేలోపు బడి వచ్చేస్తుంది. అందుకని బండివాడితో, "బజారు చుట్టూ తిప్పి తీసుకుపోవోయ్" అనేవాడు. మొదటిసారి ఓటప్పుడు ఒంటి గుర్రం బండి వచ్చిందట. ఎక్కనని వెనక్కి పంపేశాడట. గంటలో జోడు గుర్రాల బండి వచ్చిందట. ఈ కథ సందులో కుక్కలకి కూడా కంఠతా వచ్చు.

దొరముందు తలెత్తని మనిషి కిరాయి గుర్రం ముందు ఇంత రోషం చూపించాడంటే ఏమనాలి?

ఆ సందులో కొళాయి లేదు. నగరమంతా మంచినీళ్ల గొట్టాలు వేశారు. గొప్పవాళ్ల వీధుల్లో గుర్రాలు కూడా వడగట్టిన నీళ్లు తాగుతున్నాయి. ఛిదాం కలు సందు ఆడవాళ్లు మాత్రం పెద్ద రోడ్డు దాటి, చింతపండు కొట్ల అవతల ఉన్న కొళాయికి పోవాలి. అక్కడ తెల్లవారకముందే బిందెల వరస, బిందెల వెనక తిట్ల వరస. వానాకాలం మోకాటి లోతు మురికినీళ్లలో పోయి మంచినీళ్లు తెచ్చుకోవాలి. ఖీరోదాకి పిల్లలు లేరు, పనిమనిషిని పెట్టుకునే స్తోమతు లేదు. రోజుకి ఆరు బిందెలు ఆవిడ నడుం మీదే వచ్చేవి. నలభై ఏళ్లకే ఎడమవైపు ఒరిగి నడిచేది. రాత్రి పడుకోబోయేటప్పుడు గోడ పట్టుకుని మెల్లగా కూర్చుని, తర్వాత పడుకునేది.

నిబారణ్ రెండోసారి ఓటు వేసేముందే ఆవిడ అడిగింది.

"ఏమండీ, ఓట్లవాళ్లు మనింటికొస్తారు కదా. సందులో ఒక కొళాయి వేయించమని అడగండి."

"అడగొచ్చు," అన్నాడు నిబారణ్. అడగలేదు. ఆ ఏడు జోడు గుర్రాలూ బజారు చుట్టూ రెండుసార్లు తిరిగాయి.

మూడోసారి ఎన్నికలకి గోకుల్ శీల్ స్వయంగా ఇంటికొచ్చాడు. గోకుల్ శీల్ అంటే అప్పటికే మెంబరు, జనపనార బేరాల్లో గడించినవాడు. మెంబరుగా అతను చేసిన ప్రజాసేవ చూడాలంటే అతని వీధికి పోవాలి, అక్కడ గ్యాసు దీపాలున్నాయి. అతని అత్తగారి వీధికి పోయినా చూడొచ్చు. ఈసారి లాహిరీ అనే వకీలు గట్టిగా పోటీకి దిగడంతో, ఒక్కొక్క ఓటు కోసం గుమ్మం గుమ్మం ఎక్కుతున్నాడు. శీళ్లది బంగారం వర్తకుల కులం. నిబారణ్ బ్రాహ్మణుడు, మామూలు రోజుల్లో వాళ్ల చేతి మంచినీళ్లు ముట్టడు. ఓట్ల రోజుల్లో వాళ్ల బండెక్కుతాడు, వాళ్ల బుట్టలో వచ్చిన ఇలస చేప పులుసు తింటాడు. ధర్మశాస్త్రం ఎక్కడ వంచితే ఎక్కడ వంగుతుందో అతనికి బాగా తెలుసు.

గోకుల్ బాబు చెక్క మంచం మీద చతికిలబడ్డాడు. వెనక అతని దళారీ యదు, చంకలో కాగితాల కట్టతో నిలబడ్డాడు.

"ఘోషాల్‌గారూ, ఇది మీ ఇల్లు కాదు, నా ఇల్లు," అన్నాడు గోకుల్ బాబు. "మీకేం కావాలో చెప్పండి. సిగ్గుపడకండి. మెంబరనేవాడు ఎందుకున్నాడు? మీ ఇంటి నౌకరు."

తలుపు వెనక గొలుసు చప్పుడయింది. మొగవాళ్లు మాట్లాడుకునే చోటికి ఆడవాళ్లు రారు, చెప్పదలచుకున్నదేమైనా ఉంటే తలుపు గొలుసు కదుపుతారు. ఆ చప్పుడు కొళాయి గురించేనని నిబారణ్‌కి తెలుసు. పొద్దున్న నాలుగుసార్లు చెప్పించుకున్నాడు.

నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే అతనికి పెద్ద గుమాస్తా గుర్తొచ్చాడు. పెద్ద గుమాస్తా కిందటి నెల ఆఫీసులో, అందరూ వింటూండగా, "నాకు మెంబరు స్నేహితుడయ్యా, ఒక్క మాటతో ఇంటి పన్ను తగ్గించేశాడు," అన్నాడు. అప్పట్నుంచి ఆఫీసులో ఆయన నడకే మారిపోయింది. పన్ను తగ్గిందంటే రూపాయలు మిగిలాయని కాదు, పైన మనవాళ్లున్నారని అర్థం. ఆ నగరంలో మర్యాదస్తుడికి అంతకంటే ఆభరణం లేదు.

"పన్ను కొంచెం భారంగా ఉంది బాబూ," అన్నాడు నిబారణ్.

గొలుసు మళ్లీ మోగింది. ఈసారి గట్టిగా.

"అంతేనా?" గోకుల్ బాబు ముఖం విప్పారింది. కొళాయి అంటే రోడ్డు తవ్వాలి, గొట్టం వేయాలి, ఇంజనీరు దొరని బతిమాలాలి. పన్ను తగ్గించడమంటే ఒక చీటీ. "ఇంత చిన్నదా? యదూ, రాసుకో. ఇంకేమన్నా ఉందా ఘోషాల్‌గారూ?"

గొలుసు ఆగకుండా మోగుతోంది.

"లోపల పిల్లి దూరినట్టుంది," అన్నాడు నిబారణ్. "ఇంకేం లేదు బాబూ. మీ అభిమానముంటే చాలు."

వాళ్లు వెళ్లాక ఖీరోదా బయటికొచ్చింది. మంచం మీద పరిచిన దుప్పటి దులిపి, మడిచి, బిందె తీసుకుని వెళ్లిపోయింది. ఆవిడ అరుస్తుందనీ, తను "ఆడదానికేం తెలుసు రాజకీయం" అనొచ్చనీ నిబారణ్ సిద్ధంగా ఉన్నాడు. అనే వీలు దొరక్క ఆ మాట నోట్లోనే ఉండిపోయింది.

గోకుల్ శీల్ తొమ్మిది ఓట్ల తేడాతో గెలిచాడు. ఆ రోజుల్లో ఓటు గుట్టుగా వేసేది కాదు. బల్ల దగ్గర గుమాస్తా ముందు నిలబడి ఎవరికో పైకి చెప్పి సంతకం పెట్టాలి. నిబారణ్ "శ్రీ గోకుల్ శీల్" అని గుడిగంట కొట్టినట్టు చెప్పాడు. ఆ తొమ్మిదిలో తొమ్మిదోది తనదేనని చాలాకాలం అనుకున్నాడు.

నాలుగు నెలలకి చీటీ వచ్చింది. పన్ను ఇరవై మూడు రూపాయలకు తగ్గింది. మూడు రూపాయలు మిగిలిన ఆనందంలో నిబారణ్ ఆఫీసంతటికీ అయిదు రూపాయల సందేశ్ మిఠాయి పంచాడు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. పెద్ద గుమాస్తా రెండు ఉండలు తిని, "మీకూ మెంబరు తెలుసునన్నమాట," అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే కదా అంతా. ఆ సాయంత్రం అతను ఇంటికి నడుస్తూ తనలో తనే నవ్వుకున్నాడు. ఇల్లు చేరి ఖీరోదాకి చీటీ చూపించాడు.

"ఇరవై మూడా?" అని అడిగింది ఆవిడ.

"ఇరవై మూడు!"

ఆవిడ అతని ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్లింది.

పాతిక, పాతిక అని ఊరంతా దండోరా వేసిన మనిషికి, ఇరవై మూడు పాతిక కంటే తక్కువన్న లెక్క తట్టలేదు. ఒకటో తరగతి పిల్లవాడు వేళ్ల మీద చెబుతాడు. కాని మనిషికి మెప్పు తలకెక్కితే వేళ్లు కూడా కనపడవు కాబోలు.

మూడేళ్లు గడిచాయి. ఈ మూడేళ్లలో పక్కింటి నఫర్ మరో రెండు ఆవుల్ని కొన్నాడు, పాక పీకేసి ఇటుకలతో కొట్టం కట్టాడు, దాని పక్కనే ఒక పక్కా గది వేసుకున్నాడు. మునిసిపాలిటీ మనిషి గొలుసు పట్టుకొచ్చి కొలిచి ఇరవై ఏడు రూపాయల పన్ను వేసిపోయాడు. నఫర్ రెండు నెలలపాటు ఆ మనిషి ఏడు తరాలనూ తిట్టాడు. తిట్టి తిట్టి, నిబారణ్ దగ్గరికొచ్చి తలగోక్కుంటూ నిలబడ్డాడు.

"అయ్యా, తమరికి పైనోళ్లు తెలుసునంట. నాది కూడా ఓ మాట చెప్పి తగ్గించుదురూ."

"ముందే నాతో చెప్పాలిరా నఫర్," అన్నాడు నిబారణ్ కాలు మీద కాలు వేసుకుని. "గోకుల్ బాబుకి నేనొక్క మాట చెబితే ఎంతసేపు? సరే, అర్జీ రాసిపెడతాలే. రేపు రా."

రేపు నఫర్ రాలేదు. ఎల్లుండీ రాలేదు. పాలు పోయడానికి అతని పెళ్లాం వస్తోంది, ఖీరోదాతో ఏదో గుసగుసలాడి పోతోంది. పాలవాడికి కృతజ్ఞత ఎక్కడిదని నిబారణ్ అనుకున్నాడు.

ఎన్నికలు వచ్చాయి. గోకుల్ శీల్, లాహిరీ వకీలు మళ్లీ ముఖాముఖీ. ఈసారి నిబారణ్ ఠాణా గోడ దగ్గరికి కూడా వెళ్లలేదు. మెంబరుకి అంత దగ్గరివాడు గోడల మీద పేర్లు వెతుక్కోవడమేమిటని. గుమ్మానికి ఎవరూ ఓటడగడానికి రాకపోతే, "నా ఓటు ఎటో ఆయనకి తెలుసు, ఇక అడగడమెందుకు," అని ఆఫీసులో చెప్పుకున్నాడు. ఒకరోజు పక్కింట్లో గోకుల్ బాబు గొంతులాంటిది వినిపించింది. పాలకోసం వచ్చి ఉంటాడనుకున్నాడు. కలకత్తాలో అంత సంపన్నుడు సందులోకొచ్చి పాలు కొనుక్కుంటాడని నమ్మడం అతనికి కష్టమనిపించలేదు.

ఓట్ల రోజు పొద్దున్నే స్నానం చేసి, నేత చాదరు భుజాన వేసుకుని, అరుగు మీద కూర్చున్నాడు. ఆఫీసుకి సెలవు పెట్టాడు. ఏడయింది. ఎనిమిదయింది. తొమ్మిదింటికి సందు మొదట్లో గుర్రాల గంటలు వినిపించాయి. జోడు గుర్రాలే. దళారీ యదు గబగబా సందులోకి వస్తున్నాడు. నిబారణ్ లేచి, చాదరు సర్దుకుని, మెట్టు దిగాడు.

యదు అతన్ని దాటి వెళ్లిపోయాడు.

దాటుతున్నప్పుడు దణ్ణం పెట్టాడు గాని, ఆగలేదు. పక్కింటి ముందు నిలబడి, "నఫర్ బాబూ! నఫర్ బాబూ! బండొచ్చింది!" అని కేకేశాడు.

నఫర్ మోకాళ్లదాకా పేడతో, చేతిలో పాల చెంబుతో బయటికొచ్చాడు.

"బండెందుకు బాబూ, బడి ఇక్కడే కదా. నడిసొత్తాన్లెండి."

"నడవడమేమిటండీ! మీరు ఓటరు!"

"ఉండండి, చేతులు కడుక్కునొత్తాను."

నిబారణ్ గొంతు పెగుల్చుకున్నాడు. "యదూ! నన్ను మర్చిపోయావా?"

యదు కాగితాల కట్ట తీసి, వేలు తడి చేసుకుని, కాసేపు వెతికినట్టు నటించాడు. "మీ పేరు లేదండీ ఘోషాల్‌గారూ."

"లేకపోవడమేమిటి? తొమ్మిదేళ్లుగా..."

"లేదండీ మరి." నఫర్ తడిచేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ వచ్చాడు. యదు అతన్ని మోచెయ్యి పట్టుకుని, పెళ్లికొడుకుని నడిపించినట్టు తీసుకుపోయాడు. పాలవాడు బండిలో అంచు మీద, దిగిపోవడానికి సిద్ధంగా ఉన్నవాడిలా కూర్చున్నాడు.

నిబారణ్ నడిచి వెళ్లాడు. రెండొందల అడుగులూ నడిచాడు, పరుగులాంటి నడక. దారిలో చాదరు జారిపోతే చంకలో ఇరికించుకున్నాడు. బడిలో బల్ల దగ్గరున్న గుమాస్తా జాబితా తిరగేసి తలెత్తకుండానే అడిగాడు.

"పన్నెంత కడుతున్నారు?"

"ఇరవై మూడు."

"పాతిక దాటాలి కదండీ."

చెప్పిందేమీ కొత్త విషయం కాదు. ఆ మాట అతనే వెయ్యిమందికి చెప్పాడు. ఇప్పుడు ఎవరో తనకి మొదటిసారి చెబుతున్నట్టు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు వరసంతా పాకింది. మామిడిచెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చున్న గోకుల్ శీల్ దగ్గరికి నిబారణ్ పరిగెత్తాడు.

"బాబూ, నా ఓటు పోయింది! పన్ను తగ్గించడం వల్ల పోయింది!"

"ఎవరండీ మీరు?" అన్నాడు గోకుల్ బాబు, తాంబూలం నములుతూ. యదు వంగి చెవిలో ఏదో చెప్పాడు. "ఆఁ, ఛిదాం కలు సందు. నువ్వే కదయ్యా తగ్గించమని ప్రాణం తీశావు? తగ్గించాను. చేసినమేలుకి ఇలా వచ్చి నెత్తిన కూర్చుంటే ఎలా? యదూ, ఆ పాలాయనకి కూర్చోడానికి బల్ల వేశారా?"

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న. "మీరు" నుంచి "నువ్వు"కి గోకుల్ బాబు ఎంత సులువుగా దిగాడో, ఆ దిగడం నిబారణ్‌కి ఓటు పోవడంకంటే ఎక్కువ గుచ్చుకుంది. అయినా చేతులు జోడించే నిలబడ్డాడు. ఆఫీసులో అలవాటు.

గోకుల్ శీల్ ఈసారీ గెలిచాడు. గెలిచిన రెండు నెలలకి ఛిదాం కలు సందులో రోడ్డు తవ్వారు. గొట్టం వేశారు. నఫర్ ఇంటి గోడ పక్కన, సింహం మూతితో, ఇనప కొళాయి నిలబడింది. పాలవాడికి ఇంటిముందు కొళాయి ఎందుకో అందరికీ తెలుసునని ఊళ్లో హాస్యాలాడారు. ఆ వారం పాలు పలచబడిన మాట నిజమే. కాని సందు ఆడవాళ్లు పెద్ద రోడ్డు దాటడం మానేశారు. నిబారణ్ మాత్రం, గొల్లవాడి గుమ్మంలో నీళ్లు తన గొంతు దిగవని ప్రకటించి, గంగనీళ్లు మోయించుకుని తాగడం మొదలుపెట్టాడు. అది నాలుగు రోజులు సాగింది. తర్వాత బావి ఉప్పునీళ్లు తాగుతూ, దగ్గుతూ తిరిగాడు.

ఒక ఆదివారం కూర్చుని మునిసిపాలిటీకి అర్జీ రాశాడు. తన సాపు ప్రతుల చేతిరాతలో, ముత్యాల్లాంటి అక్షరాలతో, తన ఇంటి పన్ను వెంటనే మూడు రూపాయలు పెంచవలసిందిగా ప్రార్థించాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట. ఆ కాగితాన్ని మునిసిపల్ ఆఫీసులో ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి వారంపాటు చేతులు మార్చుకుని నవ్వుకున్నారు. చివరికి ఒక మనిషిని పంపారు. అతను గొలుసు వేసి కొలిచి, గోడ మీద వేలితో గీరి, రాలిపడిన సున్నం చూసి, పెదవి విరిచాడు.

"పెంచడం కుదరదండీ. నిజం చెప్పాలంటే ఇంకో రూపాయి తగ్గించొచ్చు. తగ్గించమంటారా?"

"వద్దు వద్దు!" అన్నాడు నిబారణ్ రెండు చేతులూ ఊపుతూ. "ఇంకో గది కడితే?"

"కడితే పెరుగుతుంది."

ఆ సాయంత్రం ఖీరోదా అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లేరుతోంది. నిబారణ్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. గది కట్టాలంటే డబ్బు కావాలి. ఆ ఇంట్లో డబ్బయ్యేది ఒక్కటే ఉంది, ఖీరోదా పుట్టింటివాళ్లు పెట్టిన రెండు బంగారు గాజులు.

"ఒక్క గదే," అన్నాడు. "వచ్చే ఎన్నికలకి మళ్లీ జాబితాలో పేరెక్కుతుంది. అప్పుడు చూడు, నీకేం కావాలంటే అది అడుగుతాను. ప్రమాణం చేస్తాను. కాళీమాత మీద ఒట్టు."

"నాక్కావాల్సింది వచ్చేసింది కదండీ."

"అది ఆ నఫర్‌గాడి అదృష్టం. వాడికి అడగడం కూడా తెలీదు, ఏదో పాల కక్కుర్తికి..."

"వాడికి చెప్పింది నేనే," అంది ఖీరోదా, రాయి ఏరి పక్కన పెడుతూ. "పన్ను తగ్గించుకోవద్దని చెప్పాను. ఇరవై ఏడు ఉండనీ, నీ దగ్గరికి బండొస్తుంది, బండి కంటే ముందు ఆ శీల్ బాబు వస్తాడు, వస్తే కొళాయి తప్ప ఇంకోటి అడక్కు అని చెప్పాను. వాడు పేడచేతులతోనే నిలబడి అదే అడిగాడు. ఇంకోటి అడగలేదు."

మెల్లగా నిబారణ్ కళ్లు పెద్దవయ్యాయి.

"అంటే... ఇరవై మూడైతే నా ఓటు పోతుందని నీకు..."

"పాతిక దాటాలని మీరే కదండీ రోజూ చెప్పేవారు. ఆ చీటీ చూసిన రోజే తెలుసు."

"తెలిసి మూడేళ్లు నోరు మూసుకుని కూర్చున్నావా? నాకెందుకు చెప్పలేదే?"

ఖీరోదా చేటలో బియ్యం ఒక పక్కకి జరిపి, తలెత్తి, అతన్ని చూసింది. కోపంగా చూసి ఉంటే అతనికి కాస్త ఊరటగా ఉండేది.

"చెబితే ఏం చేసేవారు? పన్ను మళ్లీ పెంచుకుని, మళ్లీ బండెక్కి, మళ్లీ బజారు చుట్టూ తిరిగొచ్చేవారు. నాకు నీళ్లు కావాలి."

లేచి బిందె తీసుకుంది. ఎడమవైపు ఒరిగే మెట్లు దిగి పక్కింటి గోడ దగ్గరికి వెళ్లింది. పదడుగులు. కొళాయి దగ్గరున్న ఆడవాళ్లు "రండమ్మా, ముందు మీరు పట్టుకోండి," అని పక్కకి తప్పుకున్నారు. సందు చివర మురుగు కాలవ సంగతేం చేద్దామని ఎవరో ఆవిణ్ణి అడుగుతున్నారు. ఖీరోదా ఏదో చెబుతోంది, నఫర్ కూడా కొట్టంలోంచి వచ్చి చేతులు కట్టుకుని వింటున్నాడు.

అరుగు మీద నిబారణ్ ఒక్కడే మిగిలాడు. బంగారు గాజుల మాట మళ్లీ ఎత్తలేదు. కాసేపటికి దాహమేసి లోపలికెళ్లాడు. కుండలో ఉన్నవి కొళాయి నీళ్లు. అటూ ఇటూ చూసి, గ్లాసు ముంచుకుని తాగాడు.